బిడ్డకు ముందు ఏవి సర్దుకోవాలి, ఏవి ఆగుతాయి?

పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకురాలు హైదరాబాద్ నుంచి ఏడు పేజీల ఉత్తరం పంపారు. ఆమెకు 31 ఏళ్లు, భర్తకు 35. పెళ్లయి నాలుగేళ్లయింది. ఆయన సొంత మేనత్త కొడుకే కాబట్టి అత్తగారంటే చిన్ననాడు ఎత్తుకుని ఆడించిన మేనత్తే. ముగ్గురూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక పాత భవనం మూడో అంతస్తులో, రెండు పడగ్గదుల అద్దె ఇంట్లో ఉంటున్నారు. లిఫ్టు లేదు. ఆమె ఉదయం 8 గంటలకు మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి, రాయదుర్గంలోని ఆఫీసుకు వెళ్తారు. తిరిగి ఇల్లు చేరేసరికి రాత్రి 8 దాటుతుంది.

పిల్లలు కావాలని ఇద్దరికీ ఉంది, ఎప్పుడన్నదే తేలడం లేదు. కొల్లూరులో కొన్న ఫ్లాట్ చేతికి రావడానికి ఇంకా రెండేళ్లు పడుతుందని, అక్కడికి మారాకే ఆ ఆలోచన చేద్దామని భర్త అంటున్నారు. ‘మేమంతా ఏం సర్దుకుని కన్నాం? కడుపు పండనీ, మిగతావి అవే సర్దుకుంటాయి’ అన్నది అత్తగారి మాట. సూర్యాపేటలో ఉన్న తల్లికి తొలి కాన్పు తన చేతుల మీదుగా చేయాలని ఉన్నా, తండ్రికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతున్నందువల్ల కూతుర్ని తీసుకెళ్లలేనని ఫోనులో ఏడ్చారు. ఆఫీసు స్నేహితురాలు, అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ పరీక్ష వెంటనే చేయించుకోమని భయపెడుతోంది. ఈమధ్య చేయించుకున్న రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.8, థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ 6.2 వచ్చాయి. ‘మూడేళ్లుగా పొద్దున్నే కాఫీతో థైరాయిడ్ మాత్ర, ఐరన్ మాత్ర తప్పకుండా వేసుకుంటూనే ఉన్నాను, అయినా నంబర్లు కదలడం లేదు’ అని రాశారు. మేనరికం చేసుకున్న పెదనాన్న కొడుకు ఇంట్లో ఒక బాబుకు పుట్టుచెవుడు ఉందని, ఆ విషయం ఇంట్లో ఎవరూ ఎత్తరని కూడా ఒకచోట ప్రస్తావించారు.

బిడ్డ పుట్టేలోగా చేయాల్సిన పనులన్నీ ఆమె కంప్యూటర్‌లో ఒక పట్టికగా వేసుకున్నారు. మొత్తం 47 పనులు. ఆ పట్టికను ఉత్తరానికి జతచేసి మూడు ప్రశ్నలు అడిగారు. ఎప్పుడు మొదలుపెట్టాలి? ఉద్యోగం మానేయాలా? నేను సిద్ధంగా ఉన్నానని నాకెలా తెలుస్తుంది?

సమాధానం:

ముందుగా మీ కాఫీ గ్లాసు సంగతి మాట్లాడుకుందాం. ఏడు పేజీల్లో మీరు దాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు గానీ, మూడేళ్లుగా కదలని మీ నంబర్లకు కారణం చాలావరకు అక్కడే ఉందని నా అనుమానం. థైరాయిడ్ మాత్రనూ ఐరన్ మాత్రనూ కలిపి మింగితే, పేగులోనే ఐరన్ ఆ మందును పట్టేసుకుని రక్తంలోకి వెళ్లనివ్వదు. పైగా కాఫీ రెండింటికీ అడ్డమే. అంటే మీరు ఎంతో నిష్ఠగా రోజూ రెండు మాత్రలు వేసుకుంటున్నా రెండూ సరిగా ఒంటబట్టడం లేదు. ఇందులో తప్పు మీది కాదు. చీటీ మీద ‘ఉదయం 1’ అని గీసి, ఎలా వేసుకోవాలో చెప్పే తీరిక లేక పంపేసే మా వైద్యులదే.

రేపటి నుంచి థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంట గడిచాకే కాఫీ గానీ టిఫిన్ గానీ తీసుకోండి. ఐరన్ మాత్రకూ దానికీ నాలుగు గంటలు తేడా ఉండాలి. ఆఫీసులో మధ్యాహ్న భోజనానికి గంట ముందు, కాస్త నిమ్మరసంతో వేసుకుంటే ఐరన్ బాగా పడుతుంది. కాల్షియం మాత్రలు, పాలు, టీ ఆ వేళకు దగ్గరలో లేకుండా చూసుకోండి. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిచాక టీఎస్‌హెచ్ మళ్లీ చేయించుకుంటే మోతాదు పెంచాలా, ఉన్నది చాలా అన్నది మీ వైద్యులకు స్పష్టంగా తెలుస్తుంది. థైరాయిడ్ మందు వాడుతున్నవారికి గర్భం దాల్చేనాటికి ఆ అంకె 2.5 లోపు ఉండేలా చూస్తాం. కడుపులో బిడ్డకు సొంత థైరాయిడ్ గ్రంథి పని మొదలుపెట్టడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది కాబట్టి, మెదడు రూపుదిద్దుకునే ఆ తొలి నెలల్లో తల్లి ఇచ్చిందే దానికి ఆధారం. గర్భం వచ్చాక ఈ మందు అవసరం సుమారు 25 నుంచి 30 శాతం పెరుగుతుంది. అందువల్ల నెల తప్పిన వారంలోనే వైద్యులకు తెలియజేయాలి, మూడో నెల దాకా ఎవరికీ చెప్పకూడదన్న ఆనవాయితీ వైద్యులకు వర్తించదు.

ఇక హిమోగ్లోబిన్. 9.8 అనగానే ఐరన్ లోపమని అందరం అనుకుంటాం, చాలాసార్లు అది నిజమే. మన రాష్ట్రంలో సగానికి పైగా మహిళలకు రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. అయితే తలసీమియా అనే వంశపారంపర్య రక్తజబ్బుకు వాహకులైన వారికి, అంటే జబ్బు లేకుండానే దాని జన్యువును మోస్తున్నవారికి కూడా హిమోగ్లోబిన్ ఇలాగే కొద్దిగా తక్కువగా ఉంటుంది, వారికి లోపమే లేనప్పుడు ఎంత ఐరన్ మింగినా పెరగదు. మాత్రల వేళలు మార్చి చూడటంతో పాటు ఒంట్లో ఐరన్ నిల్వను చూపే ఫెర్రిటిన్, హిమోగ్లోబిన్ రకాలను తేల్చే హెచ్‌పీఎల్‌సీ అనే రెండు పరీక్షలు చేయించుకోండి. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు హెచ్‌పీఎల్‌సీలో వాహక లక్షణం మరుగున పడే అవకాశం ఉంది కాబట్టి, ఫెర్రిటిన్ తక్కువ వచ్చి, హెచ్‌పీఎల్‌సీ ఎటూ తేల్చకపోతే, ఐరన్ నిండాక దాన్ని మరోసారి చేయించాల్సి రావచ్చు. మీరు వాహకులని తేలితే మీ వారికి కూడా ఆ పరీక్ష అవసరం. ఇద్దరూ వాహకులైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తలసీమియా జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది గర్భం రాకముందు తెలిస్తే ఆలోచించుకోవడానికి తీరిక ఉంటుంది, నాలుగో నెలలో తెలిస్తే ఆ తీరిక ఉండదు.

దీన్ని ఇంత వివరంగా చెప్పడానికి కారణం మీది మేనరికం కావడం. ఈ మాట ఎత్తగానే మీ ఇంట్లో గదిలోంచి ఒక్కొక్కరే లేచి వెళ్లిపోతారని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. మీ అత్తయ్యకు ఇది తన పెంపకం మీద, తన పుట్టింటి మీద వేస్తున్న నిందలా వినిపిస్తుంది. కాబట్టి లెక్కను లెక్కగా చూద్దాం. రక్తసంబంధం లేని దంపతులకు పుట్టే నూరుమందిలో ఇద్దరు ముగ్గురికి చెప్పుకోదగ్గ పుట్టుకలోపం ఉంటుంది. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లిలో అది సుమారు రెట్టింపవుతుంది. మరోలా చెబితే నూటికి తొంభై నాలుగైదుగురు బిడ్డలు ఏ లోపమూ లేకుండానే పుడతారు. అయితే ఇది సగటు లెక్క. ఒకే కుటుంబంలో తరతరాలుగా మేనరికాలు జరుగుతున్నప్పుడు, పైగా ఆ కుటుంబంలోనే ఒక బిడ్డకు పుట్టుచెవుడు ఉన్నప్పుడు, మీ లెక్క మీది. సగటు చూసి ధైర్యపడటానికీ లేదు, భయపడటానికీ లేదు.

జన్యు సలహా అనేది ఇలాంటి వారికోసమే ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో జన్యుపరీక్షలు చేస్తారు. వెళ్లేముందు మూడు తరాల వంశవృక్షం ఒక కాగితం మీద గీసుకోండి. ఎవరు ఎవరిని చేసుకున్నారు, ఎవరికి ఏ జబ్బు, ఎవరికి గర్భం నిలవలేదు, ఏ బిడ్డ పురిట్లోనే పోయింది అన్నవి అందులో ఉండాలి. ఈ సమాచారం సగం మీ అత్తయ్య దగ్గరే ఉంటుంది. ఆమెను అనుమానితురాలిలా ప్రశ్నించకుండా, వంశం గురించి మీకంటే ఎక్కువ తెలిసిన మనిషిగా పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే ఆమె చెబుతుందనే నా నమ్మకం. ఆ బాబు తల్లిదండ్రులు ఒప్పుకుంటే ముందు అతని చెవుడుకు జన్యుకారణం తెలుసుకోవడం ఉత్తమమైన దారి, ఆ తర్వాత మీ ఇద్దరిలోనూ అదే ఒక్క జన్యుమార్పు కోసం వెతకవచ్చు. వారు ఒప్పుకోకపోతే మీ దంపతులిద్దరికీ విస్తృతమైన వాహక పరీక్ష చేయించే వీలుంది గానీ, దానికి ఖర్చు ఎక్కువ, అన్ని ప్రశ్నలకూ జవాబు రాదు. పరీక్షలేవీ వద్దనుకునే స్వేచ్ఛ కూడా మీకుంది. అప్పుడు కనీసం బిడ్డ పుట్టిన వెంటనే వినికిడి పరీక్ష చేయించాలన్న నిర్ణయమైనా ఇప్పుడే తీసుకోండి. చెవుడును తొలి నెలల్లోనే గుర్తిస్తే మాట రావడానికి చేయగలిగింది చాలా ఉంటుంది.

మీ పట్టికలో ‘ఫోలిక్ యాసిడ్’ 22వ వరుసలో, ‘ఉయ్యాల కొనడం’ 9వ వరుసలో ఉన్నాయి. చూసి నవ్వుకున్నాను గానీ, ఈ తిరగబడ్డ వరుసే చాలా ఇళ్లలో కనిపిస్తుంది. బిడ్డ వెన్నుపాము, మెదడుగా మారే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపు మూసుకుపోతుంది. నెల తప్పిందేమోనని చాలామందికి అనుమానం వచ్చేనాటికే ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకే, ఆ నాళం సరిగా మూసుకోవడానికి తోడ్పడే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్‌ను రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భానికి ప్రయత్నించడానికి కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచి మొదలుపెట్టి మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. మధుమేహం, మూర్ఛ మందులు, తలసీమియా వాహకత్వం లాంటివి ఉన్నవారికి మోతాదు ఎక్కువ అవసరం కావచ్చు కాబట్టి మీ పరీక్షల ఫలితాలు చూపించి అడగండి. ఉయ్యాల ఎప్పుడైనా కొనవచ్చు, సుల్తాన్‌బజార్ ఎక్కడికీ పోదు.

గర్భిణికి సోకితే బిడ్డకు హాని చేసే రుబెల్లాకు టీకా కూడా ఇలా గడువున్నదే. 2017 దాకా ఆ టీకా దేశవ్యాప్త ప్రభుత్వ కార్యక్రమంలో లేదు, కాబట్టి మీ ఈడువారిలో చాలామంది అది వేయించుకోలేదు. రక్తపరీక్షలో రక్షణ లేదని తేలితే టీకా వేయించుకుని, ఆ తర్వాత ఒక నెలపాటు గర్భం రాకుండా చూసుకోవాలి, గర్భం వచ్చాక వేయరు. దంతాలలో పుచ్చులుంటే ఇప్పుడే చూపించుకోండి. మొటిమలకు గానీ, మరి దేనికైనా గానీ మందులు వాడుతుంటే ఆ పేర్లన్నీ రాసి తీసుకెళ్లండి, కొన్నింటిని ముందే ఆపాల్సి ఉంటుంది.

మీ వారు రోజుకు నాలుగైదు సిగరెట్లు కాలుస్తారని రాసి, ‘అది ఆయన సంగతి’ అని ముగించారు. కాదు. వీర్యకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, అంటే ఈరోజు మానేసిన సిగరెట్టు ఫలితం మూడు నెలల తర్వాత కనిపిస్తుంది. పైగా రెండు పడగ్గదుల ఇంట్లో బాల్కనీలో కాల్చిన పొగ బాల్కనీలోనే ఉండదు. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని గంటల తరబడి కూర్చునే అలవాటు కూడా మానుకోవాలి. ఆయనకు ఇప్పుడే వీర్యపరీక్ష అవసరం లేదు, ప్రయత్నించాక ఆలస్యమైతే చూద్దాం.

మీ స్నేహితురాలు చెప్పిన ఏఎంహెచ్ పరీక్ష గురించి ఒక్క మాట. అండాశయాల్లో నిల్వ ఎంత ఉందో అది సూచిస్తుంది గానీ, ఇంతవరకూ ప్రయత్నించని స్త్రీకి సహజంగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. తక్కువ వచ్చిన నంబరును పర్సులో పెట్టుకుని నిద్ర మానుకోవడం తప్ప మీకు ఇప్పుడు ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఎప్పుడు మొదలుపెట్టాలన్న విషయంలో మీ వారు, మీ అత్తయ్య ఒకరికొకరు పూర్తిగా వ్యతిరేకంగా మాట్లాడుతున్నారని మీరు రాశారు గానీ, ఒకసారి వేళ్ల మీద లెక్క వేయండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ సరిదిద్దుకోవడానికి, టీకాకు, జన్యు సలహాకు మూడు నాలుగు నెలలు పడుతుంది. ఆ తర్వాత ప్రయత్నిస్తే కొందరికి మొదటి నెలలోనే వస్తుంది, చాలామందికి ఆరు నెలలు, ఏడాది పడుతుంది. ఏడాదిలోపు నూటికి ఎనభైమందికి పైగా జంటలకు గర్భం వస్తుంది. దానికి మోసే తొమ్మిది నెలలు కలపండి. ఈరోజు మొదలుపెట్టినా బిడ్డ చేతికి వచ్చే కాలమూ, ఫ్లాట్ చేతికి వచ్చే కాలమూ ఇంచుమించు ఒకచోటే కలుస్తాయి. మీ వారు రెండేళ్లు ఆగమంటున్నది నిజానికి బిడ్డ విషయంలో కాదేమో, అద్దె, వాయిదా రెండూ కడుతున్న ఈ రోజుల్లో మరో ఖర్చు తలకెత్తుకోవడానికి భయపడుతున్నారేమో అడగండి.

మూడు నాలుగు నెలల్లో ఒంటి పనులు ముగించుకుని ప్రయత్నం మొదలుపెడితే, వెంటనే గర్భం వచ్చిన పక్షంలో కాన్పు ఈ మూడో అంతస్తు ఇంట్లోనే అవుతుంది, దానికి తగ్గ ఏర్పాట్లు కావాలి. ఫ్లాట్‌లోకి మారేదాకా ఆగితే 33 ఏళ్లకు మొదలుపెడతారు, అది ఆలస్యమేమీ కాదు. గర్భధారణ అవకాశం వేగంగా తగ్గేది 35 దాటాక. అయితే ఈ నగరంలో బిల్డరు చెప్పిన తేదీని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోవడం మాత్రం నాకు మింగుడుపడదు. రెండేళ్లు మూడేళ్లయితే మీకు 34 వస్తాయి, అప్పుడు ఏదైనా ఇబ్బంది ఎదురైతే వైద్యానికి, రెండో బిడ్డ కావాలనుకుంటే దానికి సమయం ఇరుకవుతుంది. మధ్యేమార్గంగా, ఒంటి పనులు ఇప్పుడే పూర్తిచేసి, ఇంటి సంగతి ఎలా ఉన్నా వచ్చే సంవత్సరం ఫలానా నెలలో మొదలుపెడతామని ఇద్దరూ కలిసి ఒక తేదీ అనుకోవచ్చు. నాకు ఈ దారే మీ పరిస్థితికి సరిపోతుందనిపిస్తోంది గానీ, మీ ఇంటి జమాఖర్చులు నాకు తెలియవు. ఏ దారిలో వెళ్లినా ప్రయత్నం మొదలై ఏడాది దాటితే, 35 దాటిన వయసైతే ఆరు నెలలకే, వైద్యులను కలవండి. నెలసరి క్రమం తప్పుతుంటే అంతకంటే ముందే వెళ్లండి.

ఉద్యోగం మానేయాలా అన్న ప్రశ్నకు మీరు చూపించిన కారణం ప్రయాణం. రోజుకు మూడు గంటలు మెట్రోలో నిలబడి చేసే ప్రయాణం కడుపుతో ఉన్నప్పుడు కష్టమే, కానీ అది తొమ్మిది నెలల కష్టం, మానేసిన ఉద్యోగం అంతకంటే ఎక్కువ కాలం వెంటాడుతుంది. 2017 నుంచి చట్టప్రకారం మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు మీ హక్కు. కాన్పు తేదీకి ముందు 12 నెలల్లో ఆ సంస్థలో 80 రోజులు పనిచేసి ఉంటే చాలు. 26 వారాల్లో ఎనిమిది వారాలదాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు, కానీ అలా వాడితే తర్వాత 18 వారాలే మిగులుతాయి. బిడ్డకు ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే పట్టాలన్నది మేమిచ్చే సలహా, ఆరు నెలలంటే సరిగ్గా 26 వారాలు. కాబట్టి ఆరోగ్యం సహకరిస్తే చివరి నెలల్లో ఇంటి నుంచి పనిచేసే వీలు కోసం మీ మేనేజరుతో మాట్లాడి, సెలవును వీలైనంత కాన్పు తర్వాతికి దాచుకోవడం మేలు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ శిశుసంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలి, మీ ఆఫీసులో అది నిజంగా నడుస్తోందా లేక తాళం వేసిన గదిగా ఉందా అన్నది వెళ్లి కళ్లతో చూడండి.

ఇంటికి దగ్గరలో మరో ఉద్యోగం చూసుకోవాలన్న ఆలోచన కూడా రాశారు. మారాలనుకుంటే గర్భానికి ముందే మారడం తేలిక. కొత్త చోట 80 రోజుల లెక్కతో పాటు గ్రూపు బీమాలో ప్రసూతి ఖర్చు ఉందా, పరిమితి ఎంత, బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుందా అని చేరేముందే అడగండి. ఉద్యోగం పూర్తిగా మానేస్తే ఆ గ్రూపు బీమా కూడా పోతుంది. సొంతంగా తీసుకునే పాలసీల్లో ప్రసూతికి తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల దాకా నిరీక్షణ కాలం ఉంటుంది.

ఇంటి విషయంలో మీరు పడుతున్న హైరానాలో సగం అనవసరం. బిడ్డకు ప్రత్యేకంగా గది అక్కర్లేదు, మొదటి నెలల్లో మీ మంచం పక్కనే గట్టి పరుపు మీద, దిండ్లూ మెత్తటి బొంతలూ లేకుండా వెల్లకిలా పడుకుంటుంది. గోడలకు రంగులు వేయించాలనుకుంటే మాత్రం గర్భానికి ముందే వేయించి, గీకేటప్పుడు మీరు ఆ ఇంట్లో ఉండకండి. ఇళ్ల రంగుల్లో సీసానికి కఠినమైన పరిమితి అమల్లోకి వచ్చింది 2017 చివర్లో, మీ భవనం గోడల మీదున్న పాత పొరలు అంతకు ముందువి. నిజంగా ఆలోచించాల్సింది మెట్ల గురించి. ఇందాక చెప్పిన సర్వే ప్రకారం తెలంగాణలో 60 శాతానికి పైగా కాన్పులు సిజేరియన్లే. కుట్లతో, చేతిలో పసిబిడ్డతో మూడంతస్తులు ఎక్కిదిగడం, మోకాళ్ల నొప్పులున్న మీ అత్తయ్య టీకాలకు బిడ్డను ఎత్తుకుని దిగడం కళ్లముందు ఊహించుకుని చూడండి. అదే పేటలో కింది అంతస్తుకో, లిఫ్టున్న ఇంటికో మారితే అద్దె కొంత పెరుగుతుంది, కానీ రంగులకూ అలమారాలకూ పెట్టాలనుకున్న డబ్బు దానికి సరిపోవచ్చు.

పురుడు ఎక్కడ, ఎవరు పోస్తారన్నది మీ ఉత్తరంలో అన్నిటికంటే బరువైన సంగతి. అమ్మ రాలేకపోవడం ఆమె తప్పు కాదు, మీది అంతకన్నా కాదు. డయాలసిస్‌ను కొద్దికాలం హైదరాబాద్‌లోని ఒక కేంద్రానికి మార్చే వీలుంటుందేమో నాన్నగారి వైద్యులను అడగండి. వీలైతే మీ వీధిలోనే కింది అంతస్తు గది ఒకటి రెండు మూడు నెలలకు తీసుకుని ఇద్దరినీ రప్పించుకోవచ్చు. అది ఖర్చుతో, శ్రమతో కూడుకున్నదే. ప్రయాణమూ కొత్త చోటూ నాన్నగారికి పడకపోతే మొత్తం ఏర్పాటు తలకిందులవుతుంది. లేదంటే మీ అత్తయ్య ఆధ్వర్యంలో, బరువు పనులకు ఒక ఆయమ్మను పెట్టుకుని ఇక్కడే కానివ్వాలి. ఆమె మీ మేనత్త కావడం ఇక్కడ వరం, మొహమాటం తక్కువ. కానీ చనువు ఎక్కువైన చోట ‘వద్దు’ అనడం కష్టమవుతుంది కాబట్టి పథ్యం గురించి ముందే మాట్లాడుకోండి. మన ఇళ్లలో బాలింతకు నీళ్లు తగ్గించి, కూరలు మాన్పించి, కారప్పొడితో సరిపెట్టే అలవాటు ఇంకా ఉంది. పాలిచ్చే తల్లికి నీళ్లు, కూరలు, పప్పు, గుడ్డు అన్నీ కావాలి. ఆమె పెట్టే వెల్లుల్లి, మెంతులు, కాయానికి మీరు ఒప్పుకుంటే, మీరు తాగే మంచినీళ్లకు ఆమె ఒప్పుకుంటుంది.

ఇక సిద్ధంగా ఉన్నానని ఎలా తెలుస్తుందన్న మీ చివరి ప్రశ్న. పట్టిక మొత్తం పచ్చరంగులోకి మారే రోజు రాదు. ఒంటికి సంబంధించిన గడువున్న పనులు అయిపోతే వైద్యురాలిగా నాకు అది చాలు. మీకు చాలదేమోనని నాకు అనిపించింది మాత్రం ఆ పట్టికలో ‘ఎవరు’ అన్న గడి చూశాక. 47 పనుల్లో 39 ఎదురుగా మీ పేరు, ఆరింటి ఎదురుగా అత్తయ్య పేరు ఉన్నాయి. మీ వారి పేరు రెండుచోట్లే ఉంది, బీమా కాగితాలు, ఉయ్యాల. రాత్రిపూట ఎవరు లేస్తారు, టీకాలకు ఎవరు సెలవు పెడతారు, మీరు తిరిగి ఆఫీసుకు వెళ్లాక జ్వరం వచ్చిన బిడ్డ కోసం ఎవరు ఆగుతారు అన్న పనులు అసలు పట్టికలోనే లేవు. ప్రైవేటు ఉద్యోగంలో తండ్రికి చట్టప్రకారం సెలవు లేదు, కొన్ని సంస్థలు తమంతట తాము ఇస్తాయి. ఆయన ఆఫీసు సంగతి ఆయన్నే కనుక్కోమనండి.

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చున్నప్పుడు ఆ పట్టికను ఆయన ఫోనుకు పంపకండి. ‘ఎవరు’ అన్న గడిని ఖాళీగా ఉంచి, పైన చెప్పిన లేని పనులు చేర్చి, కాగితం మీద అచ్చు తీసి పెన్ను ఆయన చేతికివ్వండి. ఆయన ఏమేం నింపారో, ఏవి ఖాళీగా వదిలేశారో, వాటి గురించి మీరిద్దరూ ఏమనుకున్నారో ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ రిపోర్టుతో పాటు నాకు రాయండి.